విశాఖ ఉప్పుగాలిలో క్వాడ్ ఈఎస్‌ఎల్-63: పాత జత కొనే ముందు

పెట్టె స్పీకర్లకి అలవాటుపడిన చెవికి క్వాడ్ ఈఎస్‌ఎల్-63 అనే ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ (పెట్టె లేకుండా, చార్జ్ ఎక్కిన పల్చని పొరతో మోగేది) మొదట పల్చగా వినిపిస్తుంది. పెట్టె కలిపే ‘ధుమ్’ ఇందులో లేదు మరి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డు ఒకటి పెట్టి చూడండి. కమాను తీగకి ఆనిన చప్పుడు వేరుగా, స్వరం వేరుగా, గమకంలో వేలు జారడం వేరుగా తెలుస్తాయి. గాత్రానికి, వయొలిన్‌కి, వీణకి పాత సరుకులో దీన్ని మించింది లేదని నా నమ్మకం. డప్పు గుండెల్లో మోగాలనుకునేవాళ్ళు మాత్రం దీని జోలికి రావద్దు. సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి వచ్చే శబ్దం, 86 డెసిబెల్సే. ఇన్‌పుట్ పీక్ 40 వోల్టులు దాటితే శబ్దం నలుగుతుంది. ఇంకా పెంచితే రక్షణ సర్క్యూట్ ఇన్‌పుట్‌నే షార్ట్ చేసేస్తుంది, దాన్ని తట్టుకోలేని యాంప్లిఫయర్ అయితే ముందు అదే పోతుంది.

క్వాడ్ కంపెనీ స్థాపకుడు పీటర్ వాకర్ 1963లో పని మొదలుపెడితే ఇది అమ్మకానికి వచ్చింది 1981లో. తయారీ ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు చేతికొచ్చే జత ఏదైనా పాతికేళ్ళు దాటినదే. ఒక్కో స్పీకర్‌లో నాలుగు ప్యానెళ్ళు. ప్రతిదానిలో రెండు స్టేటర్ల (కదలని వాహక పలకల) మధ్య సన్నటి మైలార్ ప్లాస్టిక్ పొర, దాని మీద 5.25 కిలోవోల్టుల ఈహెచ్‌టీ, అంటే అతి హెచ్చు వోల్టేజీ. అంత వోల్టేజీ ఉన్న పొర చుట్టుపక్కల దుమ్మునంతా తనవైపు లాక్కుంటుంది. విశాఖలో అసలు చిక్కు అక్కడే.

మన ఊరి దుమ్ము మామూలు దుమ్ము కాదు. పాత పోస్టాఫీసు వైపు ఇళ్ళల్లో పొద్దున తుడిచిన కిటికీ పట్టీ సాయంత్రానికి మళ్ళీ నల్లబడుతుంది. పోర్టు నుంచి వచ్చే బొగ్గు పొడి, ఇనుప ఖనిజం పొడి అది. దానికి సముద్రపు చెమ్మ, ఉప్పు కలిస్తే కరెంటు పారడానికి దారి ఏర్పడుతుంది. ఆ పొడి పొర మీద చేరితే చార్జ్ కారిపోయి ఆ ప్యానెల్ గొంతు తగ్గుతుంది. తరవాత చిటచిటలు మొదలవుతాయి. ఆఖరికి ఆర్క్ (నిప్పురవ్వ) కొట్టి పొరకి సూది బెజ్జం పడుతుంది. కిర్లంపూడి, లాసన్స్ బే కాలనీల్లో బొగ్గు తక్కువే గానీ ఉప్పు ఎక్కువ.

కాబట్టి కొనేటప్పుడు ముందు చూడాల్సింది డస్ట్ కవర్లు, అంటే దుమ్ము లోపలికి పోకుండా ముందూ వెనకా బిగించిన పల్చని ప్లాస్టిక్ తెరలు. పైన చెక్క మూత తీసి, గుడ్డ తొడుగు కిందికి దించి, ముందూ వెనకా లోహపు జాలీలు విప్పితే కనిపిస్తాయి. టార్చిని పక్కనుంచి ఏటవాలుగా కొట్టండి. మంచి కవర్ మృదంగం మూతలా బిగువుగా ఉంటుంది. ముడతలు పడినా, అంచున బంక ఊడినా మార్చాల్సిందే. దానికి 6 మైక్రాన్లు, లేదంటే అంతకన్నా పల్చని మైలార్ కావాలి. మందంగా ఉంటే పై స్థాయి స్వరాలు మొద్దుబారతాయి. బల్ల మీద పరిచి, నాలుగు వైపులా టేపుతో లాగి బిగించి, ఫ్రేముకి కాంటాక్ట్ అడ్హెసివ్ సన్నగా రాసి ఆనించాలి. మర్నాడు హెయిర్ డ్రయ్యర్‌ని జానెడు దూరంలో ఆడిస్తే మిగిలిన ముడతలు పోతాయి. ఒక్క చోటే ఆపితే చిల్లు ఖాయం.

రెండో పరీక్ష నియాన్ దీపం. ఈహెచ్‌టీ బోర్డు మీద చిన్న నియాన్ ఉంటుంది. ప్లగ్ పెట్టగానే గబగబా మినుకుమంటుంది, పొర చార్జ్ అయ్యేకొద్దీ నెమ్మదించాలి. కొన్ని గంటలైనా అదే జోరున మినుకుతుంటే ఏదో ప్యానెల్ లీకవుతున్నట్టు. మామూలు మల్టీమీటర్‌తో ఈహెచ్‌టీ కొలవొద్దు. దాని 10 మెగోమ్‌ల లోడ్‌కే వోల్టేజీ కూలిపోతుంది, మీటరూ పోవచ్చు. హై వోల్టేజీ కొలిచే గిగాఓమ్ ప్రోబ్ ఉన్నవాళ్ళే ముట్టుకోవాలి.

మూడోది స్టేటర్ బంక, ఈ మోడల్‌కి పుట్టుకతో వచ్చిన జబ్బు. స్టేటర్ పలకని ప్లాస్టిక్ గడుల చట్రానికి అంటించిన బంక ఏళ్ళు గడిచాక పెళుసెక్కి ఊడిపోతుంది. పలక ఉబ్బి పొరకి దగ్గరవుతుంది, బేస్ స్వరానికి ‘జుయ్’మంటుంది. వాల్యూమ్ తక్కువలో 40 నుంచి 200 హెర్ట్జ్ దాకా స్వీప్ (కింది నుంచి పైకి సాగే పరీక్ష స్వరం) నడిపి, చెవి ప్యానెల్ ప్యానెల్‌కీ ఆనించకుండా దగ్గరగా పెట్టి వినండి. బాగుచేయాలంటే రివెట్లు డ్రిల్ చేసి ప్యానెల్ విప్పాలి. పాత బంకని బ్లేడుతో గీకితే అప్పడం ముక్కల్లా రాలుతుంది. మొత్తం పోయాక నిదానంగా గట్టిపడే ఎపాక్సీ రాసి, వంటగట్టుకి వేసే గ్రానైట్ బండ మీద బోర్లించి, పైన బరువు పెట్టి 24 గంటలు వదలాలి. గ్రానైట్ ఎందుకంటే చెక్క బల్ల వంకర స్టేటర్‌కీ వస్తుంది. ఐదు నిమిషాల ఎపాక్సీ వద్దు, సర్దేలోపే పట్టేస్తుంది. పొర కొత్తది బిగించడం, దానికి వాహక పూత వేయడం మాత్రం ఇంట్లో చేసే పని కాదంటాను. బిగువులో తేడా వస్తే ఎడమ, కుడి ఎప్పటికీ కలవవు.

అరవై దాటినవాళ్ళకి ఇంకో మూడు జాగ్రత్తలు. ఒక్కోటి పద్దెనిమిది కిలోల పైనే, వెడల్పాటి పలక. ఒంటరిగా జరపొద్దు. చార్జ్ లీకయ్యే సన్నటి ‘స్‌స్’ పెద్ద చెవులకి అందదు, మనవణ్ణో మనవరాలినో పిలిచి వినమనండి. విప్పే ముందు ప్లగ్ తీసి, యాంప్ తీగలు ఊడదీసి, రాత్రంతా వదిలేయండి. ఈహెచ్‌టీ కరెంటు స్వల్పమే కానీ, పాట నడుస్తుండగా స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చేది ప్రాణం తీస్తుంది.

రోజువారీ సంరక్షణ సులువే. గదిలో హైగ్రోమీటర్ ఉంచి తేమని 60 శాతం లోపు ఆపండి. వానాకాలంలో ఏసీ డ్రై మోడ్‌లో పెట్టి, తేమ దిగాకే స్పీకర్ ఆన్ చేయండి. సముద్రం వైపు కిటికీ మూయండి. వెనక గోడకి కనీసం మీటరు ఎడం ఇవ్వండి. అగరొత్తులు, సాంబ్రాణి ధూపం, పోపు పొగ ఈ గదిలోకి రాకూడదు, ఆ జిడ్డు కవర్ మీద పేరుకుంటే తుడిచి తీయలేం. జాలీ మీద దుమ్ముకి మెత్తటి బ్రష్షు, కొద్దిపాటి వ్యాక్యూమ్ చాలు, అదీ ప్లగ్ తీసి చాలాసేపయ్యాకే.

మూసి ఉంచగల ఏసీ గది ఉంటే కళ్ళు మూసుకుని కొనండి. ఎనిమిది ప్యానెళ్ళలో ఒకటి రెండు పోయినా ధర తగ్గిస్తే తీసుకోవచ్చు, జర్మనీలో కొత్తవి కట్టి పంపేవాళ్ళున్నారు. బీచ్ రోడ్డు మీద తలుపులు బార్లా తీసుకుని బతికే ఇంటికైతే మాగ్నెప్లానర్ చూసుకోండి, అదీ పలక స్పీకరే గానీ అయస్కాంతాలతో నడుస్తుంది. దానికీ పొర మీద తీగ బంక ఊడే జబ్బుంది, కానీ హై వోల్టేజీ లేదు కాబట్టి తేమకి ఆర్క్ కొట్టదు. ఊడిన తీగని మళ్ళీ అంటించడం ఓపికున్న చెయ్యి ఎవరిదైనా చేయగలదు.