ఇంట్లో ఉంచే రివాల్వర్‌కు నాలుగంగుళాల బ్యారెల్: స్మిత్ అండ్ వెసన్ 686పై నా అభిప్రాయం

ఇంటి రక్షణకు రివాల్వర్ కొనాలనుకునేవాళ్లు ముందు కంపెనీ పేరు అడుగుతారు, తర్వాత ఎన్ని తూటాలు పడతాయని అడుగుతారు. బ్యారెల్ పొడవు ప్రస్తావన అన్నింటి తర్వాత వస్తుంది. చాలాసార్లు అదీ దుకాణంలో ఆ రోజు ఏది ఉంటే దాన్ని బట్టి తేలిపోతుంది. నా లెక్కలో మొదట తేల్చుకోవలసింది అదే. తుపాకీ బరువు, గురి, కాల్చినప్పుడు వెనక్కి కొట్టే తన్ను, పేలిన తూటాల ఖాళీ తొడుగులు బయటపడే తీరు, చివరికి అది పెట్టెలో పడుతుందా లేదా అన్నది కూడా ఆ పొడవు మీదే ఆధారపడి ఉంటుంది.

మా ఇంట్లో ఉన్నది స్మిత్ అండ్ వెసన్ 686, స్టెయిన్‌లెస్ స్టీలుది, .357 మాగ్నమ్ తూటాలు ఆరు పట్టేది. నాలుగంగుళాల బ్యారెల్ అంటారు గానీ కంపెనీ లెక్కలో అది 4.125 అంగుళాలు. దీన్ని నేనూ నా భార్యా ఇద్దరం వాడతాం. ఇంటి తుపాకీ విషయంలో ఈ మాట మరచిపోకూడదు. అవసరం వచ్చిన రాత్రి అది ఎవరి చేతికి దగ్గరగా ఉంటుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. అందుకే దీన్ని ఎంచుకునే ముందు కాల్పుల సాధన చేసే రేంజ్‌లో రెండంగుళాల లోపు బ్యారెల్ ఉన్న తేలికపాటి అల్యూమినియం ఫ్రేమ్ రివాల్వర్‌నూ, ఇదే 686లో ఆరంగుళాలదాన్నీ ఇద్దరం కాల్చి చూశాం.

కొత్తవాళ్ల కోసం ఒక సంగతి. రివాల్వర్ బ్యారెల్‌ను గుండు బయటికొచ్చే మూతి నుంచి, తూటాలు పట్టి తిరిగే సిలిండర్ ముందు అంచు వైపు ఉన్న చివర వరకే కొలుస్తారు. తూటా కూర్చునే గది సిలిండర్‌లో ఉంటుంది కాబట్టి అది ఈ లెక్కలోకి రాదు. సిలిండర్ లేని, మ్యాగజైన్‌తో నడిచే పిస్టల్‌లో ఆ గది కూడా బ్యారెల్ కొలతలో భాగమే. అందుకే నాలుగంగుళాల రివాల్వర్ నాలుగంగుళాల పిస్టల్ కంటే పొడవుగా కనిపిస్తుంది. 686 మొత్తం పొడవు తొమ్మిదిన్నర అంగుళాల పైమాటే.

పొడవు గురించి మాట వస్తే అందరూ తూటా వేగం దగ్గరే ఆగిపోతారు. వేగం తగ్గడం నిజమే. .357 మాగ్నమ్ 1935లో అసలే పొడవాటి బ్యారెళ్ల కోసం వచ్చిన తూటా. అందులోని తుపాకీ మందు మండడానికి చోటు కావాలి. రెండంగుళాల బ్యారెల్‌లో ఆ మందు కొంత మూతి దాటాక మండుతుంది. మనకు దక్కేది వేగం కాదు, కళ్ల ముందు పెద్ద మంట, చెవులు పగిలే మోత. నాలుగు గోడల మధ్య, చీకట్లో, చెవులకు ఏ రక్షణా లేకుండా అది ఎలా ఉంటుందో ఊహించుకోండి. 140 డెసిబెల్స్ దాటిన చప్పుడు ఒక్కసారి విన్నా వినికిడికి హాని జరగవచ్చు. ఏ రివాల్వర్ మోత అయినా ఆ హద్దు దాటుతుంది, మాగ్నమ్ మరీ దాటుతుంది. అందుకే .357 తుపాకీలో మేము అంతకంటే మెత్తని .38 స్పెషల్ తూటాలు నింపుతాం. .38 తొడుగు .357 తొడుగు కంటే అంగుళంలో దాదాపు ఎనిమిదో వంతు పొట్టి, గుండు వ్యాసం రెండింటికీ ఒకటే. కాబట్టి .357 సిలిండర్‌లో అది నిశ్చింతగా పడుతుంది. .38 తుపాకీలో .357 మాత్రం పట్టదు, పట్టకూడదనే దాన్ని పొడవుగా చేశారు.

.38కి నాలుగంగుళాలు చక్కగా సరిపోతాయి. చాలా పొట్టి బ్యారెళ్లలో కొన్ని హాలో పాయింట్ గుళ్లు, అంటే కొనలో గుంట ఉండి తగలగానే విచ్చుకునేవి, విచ్చుకోవడానికి తగిన వేగం అందుకోలేవు. ఆ ఇబ్బంది తెలిసే కంపెనీలు పొట్టి బ్యారెళ్ల కోసం వేరే తూటాలు తయారు చేస్తున్నాయి. నాలుగంగుళాలదానికి ఆ వెతుకులాట పెద్దగా ఉండదు. ఇకపోతే గది ఈ చివర నుంచి ఆ చివరికి ఐదారు మీటర్లు. ఆ దూరంలో సెకనుకు కొన్ని అడుగుల వేగం తేడా కంటే గుండు అనుకున్న చోట తగలడం వెయ్యి రెట్లు ముఖ్యం. తగలని గుండు గోడ దాటి ఇంకో గదిలోకి పోతుంది. ఆ గదిలో ఎవరుంటారో చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన విషయం, ట్రిగ్గర్. డబుల్ యాక్షన్‌లో, అంటే తూటాను పేల్చే సుత్తిని, హ్యామర్‌ను, బొటనవేలితో ముందే వెనక్కి లాగకుండా నేరుగా ట్రిగ్గర్ నొక్కితే, దాదాపు పది నుంచి పన్నెండు పౌండ్ల బలం కావాలి. కిలోల్లో ఐదు అటూఇటూ. ఆ తేలికపాటి పొట్టి రివాల్వర్ బరువు అర కిలో కూడా లేదు. తన బరువుకు పదింతలకు పైగా ఉన్న బలంతో వేలు వెనక్కి లాగుతుంటే ఆ తుపాకీ చేతిలో ఎలా నిలుస్తుంది? ఖాళీ సిలిండర్‌లో స్నాప్ క్యాప్‌లు, అంటే మందు లేని సాధన తూటాలు వేసి, గురి చూసే ముందు సైట్‌నే చూస్తూ మెల్లగా నొక్కి చూడండి. సిలిండర్ తిరుగుతుండగా సైట్ ముందు కుడికి జరుగుతుంది, సరిచేస్తే కిందికి దిగుతుంది, హ్యామర్ పడే క్షణంలో ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. 686తో అదే పని చేసి చూడండి. బరువు కిలోకు పైనే, అందులో కొంత బ్యారెల్ కింద మూతి దాకా సాగిన ఉక్కు కడ్డీలో ఉంది. హ్యామర్ పడినప్పుడు ముందు సైట్ కదిలిందో లేదో అన్నట్టుంటుంది. నా భార్య ఈ తేడాను నాకంటే ముందు గమనించింది. పొట్టిదాన్ని పక్కన పెట్టేసి మళ్లీ ముట్టుకోలేదు.

గురి లెక్క కూడా చూద్దాం. వెనుక సైట్‌కూ ముందు సైట్‌కూ మధ్య దూరం 9 సెంటీమీటర్లు ఉన్న తుపాకీలో ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు పోతే, 7 మీటర్ల దూరంలో గుండు దాదాపు 8 సెంటీమీటర్లు తప్పుతుంది. సైట్ల మధ్య దూరం 15 సెంటీమీటర్లయితే తప్పు 5 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. చేయి వణికే సమయంలో ఈ మూడు సెంటీమీటర్లు చిన్న విషయం కాదు.

ఖాళీ తొడుగుల విషయం కొనేవాళ్లలో చాలామంది పట్టించుకోరు. తొడుగులను సిలిండర్ నుంచి వెనక్కి నెట్టే ఎజెక్టర్ రాడ్ బ్యారెల్ కింద ఉంటుంది కాబట్టి దాని పొడవు బ్యారెల్‌కు మించకూడదు. పొట్టి బ్యారెల్‌లో ఆ రాడ్ పొట్టిది. పూర్తిగా నొక్కినా తొడుగులను సగానికి పైగా నెట్టి ఆగిపోతుంది. మిగతాది భూమ్యాకర్షణ మీద భారం వేయాలి. మూతి ఆకాశం వైపు నిలబెట్టి అరచేత్తో గట్టిగా కొడితే చాలాసార్లు పడతాయి, మెల్లగా నొక్కితే ఒకటో రెండో వేలాడుతూ ఉండిపోతాయి. వాటిని వేళ్లతో పీకాలి. తొడుగు అంచు ఎజెక్టర్ నక్షత్రం (రాడ్ చివర తొడుగులను పట్టి నెట్టే నక్షత్రాకారపు పలక) కిందికి జారిందంటే ఇంకా చిక్కు, తాపీగా కూర్చుని తీసుకోవలసిందే. నాలుగంగుళాల 686లో రాడ్ తొడుగులను దాదాపు చివరి వరకూ నెట్టేస్తుంది. ఒక్క దెబ్బకు ఆరూ కింద పడతాయి. ఇంట్లో ఆరు తూటాలు దాటి కాల్చే పరిస్థితి అరుదేనని నేనూ ఒప్పుకుంటాను. అయినా దీనికి విలువ ఎందుకు ఇస్తున్నానంటే, తొడుగులు తీయడమే తలనొప్పి అయితే మనిషి రేంజ్‌కు వెళ్లడం మానేస్తాడు. సాధన లేని చేతిలో ఎంత మంచి తుపాకీ అయినా ప్రమాదమే.

మరి ఆరంగుళాలది ఇంకా మంచిది కదా అంటారు. లక్ష్యం మీద కాల్చడానికి నిజంగానే మంచిది. హ్యామర్ లాగి, ఊపిరి బిగబట్టి, తీరిగ్గా కాలిస్తే దాని ముందు మా నాలుగంగుళాలది చాలదు. ఇంటి లోపల మాత్రం దాని మొత్తం పొడవు పన్నెండు అంగుళాలకు చేరువ. ఇరుకు నడవాలో తలుపు పక్కన నిలబడితే మనకంటే ముందు దాని మూతి అవతలి గదిలోకి కనిపిస్తుంది. దగ్గరకు వచ్చినవాడి చేతికి పట్టు కూడా దొరుకుతుంది. మూతి వైపు బరువు ఎక్కువ కావడంతో కాసేపు చాచి పట్టుకుంటే మణికట్టు వాలిపోతుంది. ఒక చేత్తో ఫోను పట్టుకుని పోలీసులతో మాట్లాడుతూ ఇంకో చేత్తో దాన్ని నిలపడం మా ఇద్దరిలో ఎవరి వల్లా కాలేదు.

ఏ పొడవుదైనా ఒక జాగ్రత్త తప్పదు. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య అంగుళంలో కొన్ని వేల వంతుల సందు ఉంటుంది. కాల్చినప్పుడు అక్కడి నుంచి వేడి గ్యాసు పక్కలకు చిమ్ముతుంది. రెండో చేతి బొటనవేలు ఆ సందు పక్కకు చేరితే చర్మం చీరుకుపోతుంది. పిస్టల్ పట్టు అలవాటైనవాళ్లకు ఆ వేలు తెలియకుండానే ముందుకు సాగుతుంది. చాలా పొట్టి బ్యారెల్‌లో అయితే వేలు మూతి దాటే ప్రమాదం కూడా ఉంది. చేతి పట్టు సరిచేసుకున్నాకే తూటాలు నింపండి.

686లో నాకు నచ్చిన మరో సంగతి పిడి. విప్పి చిన్నది వేసుకోవచ్చు. నా భార్య వేలు ట్రిగ్గర్‌కు సరిగ్గా అందింది చిన్న పిడి వేశాకే. బ్యారెల్‌తో పాటు దీన్నీ చూసుకోవాలి. వేలి కొన మాత్రమే అందితే ఎంత బరువైన తుపాకీ అయినా పక్కకు లాగుతుంది. ఒక లోటు ఉంది. ఈ మోడల్‌లో దీపం బిగించుకోవడానికి పట్టా లేదు. ఎదుట ఉన్నది ఎవరో కళ్లారా చూడకుండా ట్రిగ్గర్ మీద వేలు వేయకూడదు గనక టార్చి విడిగా పెట్టె పక్కనే ఉంచాం, దానితోనూ సాధన చేస్తాం.

పిల్లలున్న ఇల్లు మాది. తుపాకీ ఎప్పుడూ గోడకు బిగించిన, మీటలు నొక్కి తెరిచే ఉక్కు పెట్టెలోనే ఉంటుంది. పెట్టె కొనేటప్పుడు బయటి కొలత చూడకండి, లోపలి కొలత చూడండి. లోపలి నురుగు (ఫోమ్) మందం తీసేశాక పది అంగుళాలైనా మిగలాలి. చిన్న పిస్టళ్ల కోసం చేసిన పెట్టెల్లో నాలుగంగుళాల రివాల్వర్ ఐమూలగా కూడా పట్టదు. అలాంటి పెట్టె ఇప్పటికే ఉండి, దాన్ని మార్చలేకపోతే మూడంగుళాల స్టీలు రివాల్వర్ చూడండి. చాలా మూడంగుళాల మోడళ్లలో పూర్తి పొడవు ఎజెక్టర్ రాడ్ ఇమిడిపోతుంది, బరువు కూడా చేతికి ఆనేంత ఉంటుంది. దుకాణంలో సిలిండర్ తెరిచి, రాడ్ పూర్తిగా నొక్కి, ఎజెక్టర్ నక్షత్రం ఎంత దూరం బయటికి వస్తుందో తూటా తొడుగు పొడవుతో పోల్చి చూసుకోండి.