నికాన్ 200-500 తో నాలుగేళ్ళు, అందులో పన్నెండు రోజులు కెన్యాలో

ఈ 200-500 మి.మీ. జూమ్ లెన్స్ కొని నాలుగేళ్ళు దాటింది, మొదటి నుంచీ నికాన్ డీ500 కెమెరా మీదే వాడుతున్నా. నేలపట్టు, ఉప్పలపాడు, కొల్లేరు అన్నీ దీంతోనే తిరిగా. పోయినేడాది కెన్యా తీసుకెళ్ళా, నైవాషా, నకురు సరస్సులు, అంబోసెలి పార్కు, చివర్లో మసాయి మారా. వచ్చిన దగ్గర్నుంచి అందరూ అడిగేది ఒకటే, ఆఫ్రికాకి 500 మి.మీ. సరిపోతుందా అని. డీ500 లో సెన్సర్ చిన్నది, దాని మీద అది 750 లెక్క కాబట్టి సరిపోతుంది, కానీ నీటి పక్షులకి రీచ్ (లెన్స్ ఎంత దూరందాన్ని దగ్గరగా చూపిస్తుంది) కన్నా మనం ఎంత కిందనుంచి తీస్తున్నాం అనేదే అసలు సంగతి, అది నాకు నైవాషాలో బోట్ ఎక్కాకే తెలిసొచ్చింది.

జీప్ టాప్ ఎత్తి నిలబడి తీస్తే ఏనుగుకి, సింహానికి పర్లేదు గానీ, గట్టున బురదలో తిరిగే ఉల్లంకి పిట్టని అలా తీస్తే వీపు మాత్రమే కనపడుతుంది, చుట్టూ అంతా బురదే. అదే బోట్‌లో ముందు చెక్క మీద కూర్చుని మోచేతులు మోకాళ్ళకి ఆనించుకుంటే లెన్స్ నీటికి రెండు మూడడుగుల ఎత్తులోనే ఉంటుంది, పిట్ట కళ్ళకి ఎదురుగా ఉన్నట్టే, వెనకున్న గడ్డి అంతా మెత్తగా కరిగిపోతుంది.

నైవాషాలో కూడా మన చెరువుల్లో లాగే గుర్రపుడెక్క ఉంది. దాని మీద జకానా అనే నీటి పక్షి నడుస్తోంది, ఒళ్ళంతా ఇటుక రంగు, నుదుటి మీద నీలం బిళ్ళ, ఒంటికి పొంతన లేనంత పొడుగు వేళ్ళు. ఈ జాతిలో పిల్లల్ని సాకేది మగదే, ఆడది గుడ్లు పెట్టి ఇంకో మగదాని దగ్గరకి వెళ్ళిపోతుంది. మా బోట్ అలికిడికి ఆ మగపక్షి రెక్కలు కొంచెం దించి కూర్చుంది, పిల్లలు గబగబా రెక్కల లోపలికి దూరాయి, తర్వాత అది లేచి నడుస్తుంటే రెక్కల కిందనుంచి సన్నటి పుల్లల్లా కాళ్ళు వేలాడుతున్నాయి, లెక్కపెడితే ఆరు. అంటే ముగ్గురు పిల్లలు! అప్పటికి అది మాకు నాలుగైదు మీటర్ల దూరంలో ఉంది, నా లెన్స్ ఏమో ముందుకీ వెనక్కీ తిరుగుతోంది తప్ప ఫోకస్ పట్టట్లేదు. పొద్దున దూరం పక్షుల కోసం లిమిటర్ స్విచ్ 6 మీటర్ల మీద పెట్టి మర్చిపోయా, అలా పెడితే అంతకన్నా దగ్గరున్నవాటి మీద ఫోకస్ పడదు. ఫుల్‌లో పెడితే ఈ లెన్స్ 2.2 మీటర్ల దాకా పడుతుంది. స్విచ్ మార్చేసరికి నాలుగు ఫ్రేములే దక్కాయి, అందులో ఒకటి మా హాల్లో గోడ మీదుంది. బోట్ ఎక్కగానే ముందు ఆ స్విచ్ చూసుకోండి.

అక్కడ బోట్ వాళ్ళు ఫోటో కోసం చేప విసిరి గద్దని కిందకి రప్పిస్తామంటారు, నేను వద్దన్నా. అది వేటాడేటప్పుడు దొరికితే తీసుకుందాం, లేకపోతే లేదు.

తెల్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు ఎండలో ఉంటే ఎక్స్‌పోజర్ (ఫోటోలో వెలుగు) మైనస్ 0.7 దాకా తగ్గించే తీశా, లేకపోతే ఈకల గీతలు మొత్తం పోతాయి, తర్వాత ఎంత ఎడిట్ చేసినా రావు. ఎగిరేవాటికి షట్టర్ వేగం 1/2000 సెకనుకి తగ్గనివ్వలేదు. బోట్ ఊగుతుంది కాబట్టి వీఆర్ (లెన్స్‌లో వణుకుని సరిచేసే ఏర్పాటు) స్పోర్ట్ మోడ్‌లో పెట్టా, వ్యూఫైండర్‌లో బొమ్మ ఎగరకుండా ఉండటం వల్ల పక్షి వెంట తిప్పడం తేలికైంది.

బరువు 2.3 కిలోలు, నాలుగో రోజుకి భుజం లాగేసింది. జీప్‌లో లెన్స్ ఆనించడానికి బీన్‌బ్యాగ్ లేకుండా కష్టం, ఖాళీ సంచి తీసుకెళ్ళి నైరోబీలో నిజంగానే చిక్కుడు గింజలు కొని నింపా, వచ్చేటప్పుడు ఆ గింజలు మా డ్రైవరన్న తన ఇంటికి తీసుకెళ్ళాడు. ఇంజన్ ఆపమని మాత్రం అడగాలి, ఆ వణుకు ముందు ఏ వీఆరూ పనిచెయ్యదు.

అంబోసెలిలో పొద్దున పది దాటితే నేలమీంచి సెగ లేచి ఫోటోలన్నీ నీళ్ళలోంచి చూసినట్టు వస్తాయి, లెన్స్ సాఫ్ట్ (బొమ్మ మసకగా ఇస్తుంది) అని తిట్టుకోకండి, ఏ లెన్స్‌కైనా అంతే. కిలిమంజారో నీళ్ళు భూమిలోంచి ఊరి వచ్చే చిత్తడి అది, కిరీటం కొంగలు జంటలుగా తిరుగుతుంటాయి, తెల్లారగానే వెళ్ళాలి. ఏనుగు రోడ్డు పక్కకొస్తే 200 కూడా ఎక్కువే, అప్పుడు ఫోన్ తీశా.

ఫ్లెమింగోల కోసమే నకురు వెళ్ళేవాళ్ళు మాత్రం ముందే కనుక్కోండి. కొన్నేళ్ళుగా సరస్సులో నీళ్ళు పెరిగి ఉప్పదనం పలచబడింది, అవి తినే నాచు తగ్గింది, చాలావరకు ఫ్లెమింగోలు బొగోరియా సరస్సు వైపు వెళ్ళిపోయాయి. నాకు నకురులో దొరికింది నీళ్ళలో మునిగి ఎండిపోయిన చెట్లు, వాటి మీద నీటికాకులు. అది చూసి మనసు బాలేదు, మన పులికాట్ గుర్తొచ్చింది.

దీన్ని అమ్మేసి మిర్రర్‌లెస్‌కి మారమని ఫ్రెండ్స్ అంటున్నారు. మారను. ఆ డబ్బులుంటే నైవాషాలో ఇంకో నాలుగు పొద్దులు బోట్ మాట్లాడుకుంటా.