53 డిగ్రీల అక్షాంశంలో ఏడేళ్ల సోలార్

మంచు కురిసే ఊరిలో సోలార్ ఎందుకని మొదట మా ఇంట్లోవాళ్లే అడిగారు. మాది 53 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న ఓ మోస్తరు నగరం. దక్షిణానికి వాలిన కప్పుమీద 330 వాట్ల ప్యానెళ్లు 18 బిగించి ఏడేళ్లు నిండాయి. ఏటా అటూ ఇటూగా 6,000 యూనిట్లు వస్తున్నాయి. నాకు పూర్తి తృప్తిగా ఉంది.

చలికి భయపడి వెనక్కి తగ్గేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక అది వేడెక్కే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి సుమారు 0.4 శాతం పడిపోతుంది. మండుటెండలో 65 డిగ్రీలకు చేరిన ప్యానెల్ దాదాపు ఆరో వంతు శక్తిని అలాగే పోగొట్టుకుంటుంది. మాకు ఆ బెడద తక్కువ.

మొదటి ఏడాది మార్చిలో ఒక ఉదయం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. రాత్రి కురిసిన మంచు కప్పునంతా మూసేసింది. ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడుకునేలా మార్చే ఇన్వర్టర్ తెరమీద సున్నా. పది గంటలకు పై అంచున అరచేయంత నల్లటి గాజు బయటపడింది. అక్కడ మొదలైన వెచ్చదనం మెల్లగా కిందికి పాకింది. అరగంటకల్లా మంచు పలక మొత్తం జారి పెరట్లో దబ్బున పడింది. మధ్యాహ్నం చూస్తే 5.6 కిలోవాట్లు! కప్పు వాలు 45 డిగ్రీలు ఉండటం కలిసొచ్చింది. చీపురు పట్టుకుని నిచ్చెన ఎక్కే పని ఎవరూ పెట్టుకోవద్దు, ప్రాణాలమీదికి వస్తుంది.

డిసెంబరు మాత్రం నిజంగా నిరాశే. పగలు ఏడున్నర గంటలు, మధ్యాహ్నం కూడా సూర్యుడు 14 డిగ్రీల ఎత్తు దాటడు. జూన్‌లో వచ్చేదానిలో ఆరో వంతు కూడా రాదు. 17 గంటల వేసవి పగళ్లలో మిగిలిన కరెంటును గ్రిడ్‌కు పంపి, శీతాకాలంలో వాడుకునే నెట్ మీటరింగ్ ఉండబట్టే మా లెక్క కుదిరింది. ఆ సదుపాయం లేనిచోట ఇంత పెద్ద వ్యవస్థ పెట్టమని నేను చెప్పను.

కొనేముందు కప్పుమీద నీడ చూసుకోండి. అయితే డిసెంబరు నీడ గురించి బెంగ వద్దు, అప్పుడు ఎలాగూ పెద్దగా రాదు. ఫిబ్రవరి మధ్యలో, మిట్టమధ్యాహ్నం చూడండి. పక్కింటి దేవదారు నీడ మా ప్యానెళ్లలో మూడింటిమీద పడుతోందని బిగించాకే తెలిసింది. అన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా ఒకే వైరు వరుసలో (సిరీస్‌లో) కలిపి ఉండటంతో ఆ నీడ దెబ్బ మిగతావాటికీ తగిలేది. ఒక ప్యానెల్ నీడ మిగతావాటిని లాగేయకుండా చూసే ఆప్టిమైజర్ అనే చిన్న పరికరాన్ని ప్యానెల్‌కొకటి పెట్టించాక చాలావరకు సర్దుకుంది.

ఐదో ఏట ఇన్వర్టర్ పాడైంది. వారంటీ ఉన్నా బిగించినవాళ్లు ఆరు వారాలు తిప్పించారు, అదీ జూన్‌లో. పోయిన ఆ వెలుగును ఎవరూ తిరిగి ఇవ్వలేరు. అందుకే ఒప్పందంలో ప్యానెళ్ల 25 ఏళ్ల హామీకన్నా, మరమ్మతుకు ఎన్ని రోజుల్లో వస్తారో ముందు రాయించుకోండి.

ఈ వేసవిలో షెడ్డు పడమటి వాలుమీద మరో నాలుగు ప్యానెళ్లు పెట్టిస్తున్నాం. సాయంత్రం వంటవేళకు ఎండ అక్కడే ఉంటుంది.