ఏకమొత్తమా, నెలనెలా భరణమా? మన సరిహద్దు ఊళ్లలో ఏది మేలు

ఒడిశా, ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడిలో వకీలు గుమాస్తాగా పదిహేడేళ్లు చేశాను. ఒడియా చదివి తెలుగులో చెప్పగలనని, కోర్టు కాగితాలు పట్టుకుని మన తెలుగువాళ్లు ఇప్పటికీ ఇంటికి వస్తుంటారు. విడాకుల దాకా వచ్చిన ఆడపిల్లలు ముందుగా అడిగేది ఇదే: "బాబాయ్, ఒకేసారి పుచ్చుకోమంటావా, నెలనెలా అడగమంటావా?"

దానికి నేను ఎదురు ప్రశ్న వేస్తాను. మీ ఆయనకు డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందమ్మా?

బడి పంతులో, రైల్వే ఉద్యోగో అయితే నెల భరణమే అడగమంటాను. ఇవ్వకపోతే జీతం జప్తు చేయించవచ్చు. మామూలు అప్పుల్లా కాదు, భరణం బాకీకైతే జీతంలో మూడింట రెండు వంతుల దాకా పట్టుకునే వీలుంది. ఎంత రావచ్చంటే, భార్యకు నికర జీతంలో 25 శాతం న్యాయమేనని 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో అంది. అందరికీ అదే లెక్కని కాదు గానీ, బేరం మొదలుపెట్టడానికి పనికొస్తుంది. పైగా 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఇద్దరూ ఆస్తులు, అప్పులు, రాబడి అఫిడవిట్‌లో చూపాలి. భరణం కూడా దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్క. జీతం పెరిగినప్పుడు పెంచమని మళ్లీ అడగవచ్చు.

సూరత్ మగ్గాల మీద పనిచేసేవాడైతే నా సలహా వేరు. గంజాం జిల్లా నుంచి అక్కడికి వలసపోయిన ఇళ్లు మనకు కొత్త కాదు. ఈ ఏడాది ఒక మిల్లు, వచ్చే ఏడాది ఇంకో మిల్లు. ఏ యజమాని దగ్గర జీతం ఆపిస్తాం? ఒకమ్మాయి నెలకు 5,000 ఆర్డరు తెచ్చుకుంది. పండక్కి వస్తాడు, అప్పుడు అడుగుదామని ఊరుకుంది. నా దగ్గరికి వచ్చేసరికి 19 నెలల బాకీ. భరణం సెక్షన్ కింద (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125, 2024 జూలై నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144) వారంటు అడగాలంటే బాకీ పడ్డ ఏడాది లోపే అడగాలి. మొదటి 7 నెలలకూ, అంటే 35,000 రూపాయలకు, ఆ దారి మూసుకుపోయింది. మిగతా 12 నెలలకు వారంటు పుట్టినా, అది గుజరాత్ దాకా వెళ్లి మనిషిని పట్టుకోవాలి. దయచేసి ఎవరూ అలా ఊరుకోకండి.

అలాంటిచోట ఏకమొత్తమే మేలు. ఆరు లక్షలు వచ్చిందనుకోండి. పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో 7.4 శాతం వడ్డీకి వేస్తే నెలకు 3,700 వస్తుంది. 5,000 కన్నా తక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఎవరి దయా అక్కర్లేకుండా వస్తుంది, అసలు చెక్కుచెదరదు. వయసులో ఉన్న పిల్లకు ఇంకో లాభం కూడా ఉంది. మళ్లీ పెళ్లి చేసుకుంటే నెల భరణం ఆపమని అతను కోర్టుకు వెళ్లవచ్చు. చేతికొచ్చిన ఏకమొత్తానికి ఆ భయం ఉండదు.

ఏకమొత్తంలో ప్రమాదమల్లా పుచ్చుకునే పద్ధతిలోనే ఉంది. ఇద్దరి అంగీకారంతో విడాకులకు ఏడాది విడిగా ఉండాలి, అర్జీ పెట్టాక మామూలుగా మరో ఆరు నెలలు ఆగాలి. తగిన కేసుల్లో ఆ ఆరు నెలలు మాఫీ చేయవచ్చని కూడా 2017లోనే సుప్రీంకోర్టు చెప్పింది. డిక్రీ, అంటే విడాకుల తీర్పు, వచ్చేలోపు ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. అందుకే సగం మొదటి వాయిదాకి, సగం ఆఖరి వాయిదా రోజు జడ్జిగారి ముందు, డిమాండ్ డ్రాఫ్టుగా ఇవ్వాలని ఒప్పందంలోనే రాయించండి. నగదు వద్దు. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారాన్ని ఈ మొత్తంలో కలపనివ్వకండి. అది స్త్రీధనం, మొదటినుంచీ ఆమెదే.

కొందరు పెద్దమనుషులు వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించి పెళ్లి తెంపేస్తుంటారు. ఆ కులాచారం ఉందని రుజువైతే తప్ప హిందూ వివాహానికి అది చెల్లదు. ఆ కాగితాన్ని నమ్మి రెండో పెళ్లి చేస్తే కొత్త చిక్కు మొదలవుతుంది.

కేసు ఒడిశాలో వెయ్యాలా, ఆంధ్రలోనా అని కూడా అడుగుతారు. పెళ్లి బరంపురంలో జరిగినా, పిల్ల పాతపట్నంలో పుట్టింట్లో ఉంటే ఆ ప్రాంతపు కోర్టులోనే వేసుకోవచ్చు. 2003 నుంచి భార్యకు ఆ హక్కుంది. తెలుగులో మాట్లాడే వకీలు దొరుకుతాడు, రానుపోను ఖర్చు తగ్గుతుంది. నాకైతే అదే నయమనిపిస్తుంది.

మొన్న ఒకమ్మాయి నాలుగేళ్ల కూతుర్ని చంకనేసుకుని ఒడియా ఒప్పందం తెచ్చింది. అంతా బాగానే ఉంది, నాలుగో పేరా తప్ప. "నాకూ నా బిడ్డకూ ఇకపై ఎలాంటి హక్కూ లేదు" అని ఉందక్కడ. బిడ్డ భరణం బిడ్డ హక్కు, దాన్ని తల్లి వదులుకోలేదు. చదివి తెలుగులో చెప్పగానే ఆమె చేతిలో పెన్ను కింద పెట్టేసింది. ఆ పేరా కొట్టేయించి, పాప పేరున నెలకింతని విడిగా రాయించాకే సంతకం చేసింది.