పార్స్‌ఇంటా, నంబరా: డబ్బు లెక్కకు ఏది మేలు?

మా చెల్లెలు అమీర్‌పేటలో వెబ్ పేజీలకు వాడే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్ నేర్చుకుంటోంది. గదిలో ఉండే ముగ్గురి అద్దె లెక్క కోసం ఒక చిన్న పేజీ చేసింది. 7,500, 7,500, 6,000 అని కొడితే మొత్తం 20 వచ్చింది. ఎర్రర్ మాత్రం ఎక్కడా లేదు. గంటసేపు టెన్షన్ పడి, రాత్రి నాకు ఫోన్ చేసింది.

తను వాడింది పార్స్‌ఇంట్, టెక్స్ట్‌ని సంఖ్యగా మార్చే జావాస్క్రిప్ట్ ఫంక్షన్. అది టెక్స్ట్‌ని ఎడమ నుంచి చదువుతూ, అంకె కానిది ఎదురవగానే ఆగిపోతుంది. అప్పటిదాకా చదివిందే జవాబుగా ఇస్తుంది. అందుకే 7,500 కాస్తా 7 అయింది. 1,00,000 ఇస్తే 1 మిగులుతుంది. లక్షకు మనం కామాలు పెట్టే తీరే అది, రాసిన మనిషి తప్పేమీ లేదు.

అదే పనికి ఉన్న మరో ఫంక్షన్ నంబర్. అది అలా ఊరుకోదు. టెక్స్ట్ మొత్తం సంఖ్యగా ఉంటేనే తీసుకుంటుంది, లేకపోతే ఎన్‌ఏఎన్ అంటుంది, అంటే అది సంఖ్య కాదని. పైథాన్ అనే మరో భాషలో ఇదే పని చేసే ఇంట్ ఇంకా గట్టిది, వాల్యూఎర్రర్ అనే ఎర్రర్ ఇచ్చి అక్కడే ఆపేస్తుంది. డబ్బు విషయంలో నాకు కావలసింది ఇదే. తప్పు లెక్క కన్నా ఆగిపోయిన లెక్క వెయ్యి రెట్లు నయం.

నంబర్‌తోనూ ఒక చిక్కుంది. ఖాళీ పెట్టెను 0 అనేస్తుంది. అద్దె రాయడం మరిచిపోయిన అమ్మాయికీ సున్నా అని రాసిన అమ్మాయికీ తేడా తెలియదు. అక్కడ పార్స్‌ఇంటే మేలు, ఖాళీకి ఎన్‌ఏఎన్ ఇస్తుంది. అయినా నా ఓటు నంబర్‌కే. ముందు ఖాళీయా కాదా చూసుకుని, కామాలు తీసేసి దానికి ఇవ్వాలి. కామాలు తీయడానికి, టెక్స్ట్‌లో ఒకదాని బదులు ఇంకోటి పెట్టే రిప్లేస్ వాడి ఊరుకోకండి, మామూలుగా అది మొదటి కామానే తీస్తుంది. లక్షలో రెండు కామాలుంటాయి, రిప్లేస్‌ఆల్ కావాలి.

'16పిఎక్స్' (16 పిక్సెళ్లు) లాంటి కొలతల నుంచి 16 తీయడానికి పార్స్‌ఇంట్ చక్కగా పనికొస్తుంది.

ఫోన్ నంబరుకు మాత్రం రెండూ వద్దు. హైదరాబాద్ కోడ్ 040ని సంఖ్యగా మారిస్తే 40 అవుతుంది. పాత బ్రౌజర్లలో పార్స్‌ఇంట్ దాన్ని ఎనిమిది ఆధారంగా లెక్కించి 32 ఇచ్చేది కూడా. 2009లో వచ్చిన జావాస్క్రిప్ట్ ప్రమాణం ఎక్మాస్క్రిప్ట్ 5 ఆ పద్ధతి తీసేసింది. పిన్ కోడ్, ఆధార్ కూడా అంతే. వాటిని ఎవరూ కూడరు, తీసివేయరు. టెక్స్ట్‌గానే ఉంచాలి.

మా చెల్లెలు నంబర్‌కి మారింది. మొత్తాన్ని తిరిగి టెక్స్ట్ చేసేటప్పుడు సంఖ్యకు ఆయా దేశాల తీరులో కామాలు పెట్టే టులొకేల్‌స్ట్రింగ్‌కి 'ఈఎన్-ఐఎన్' (భారత ఇంగ్లిష్) అని ఇచ్చింది. ఇప్పుడు పేజీలో 21,000 కనబడుతోంది, కామాతో సహా.