గేరు తప్పిన బండిని పట్టే తనిఖీ: విశాఖలో ఎవరి దగ్గర ఎంత పని

సెకండ్‌హ్యాండ్‌లో మాన్యువల్ స్పోర్ట్స్ కారు కొనేముందు విశాఖలో మూడు రకాలుగా చూపించుకోవచ్చు. ఇంటికొచ్చి చూసే ఇన్‌స్పెక్షన్ సర్వీసు, కంపెనీ వర్క్‌షాపు, గాజువాక ఆటోనగర్‌లోని షెడ్డు. పెయింటు, టైర్లు, ఏసీ వరకైతే ఎవరైనా ఫర్వాలేదు. ఇక్కడ చూస్తున్నది ఒక్కటే: ఈ బండికి ఎప్పుడైనా గేరు తప్పుగా పడి ఇంజన్ హద్దు దాటి తిరిగిందా, దాన్ని వీళ్లలో ఎవరు పట్టగలరు?

'రెవ్ లిమిటర్ ఉంది కదండీ, ఇంజన్‌కి ఏం కాదు' అని అమ్మేవాళ్లు అంటారు. సగం నిజం. ఇంజన్ చుట్లు హద్దుకి చేరగానే లిమిటర్ చేసేదల్లా ఇంధనం ఆపడం. గేరు పడక న్యూట్రల్‌లో ఉండిపోయి, కాలు యాక్సిలరేటర్ మీదే ఉంటే అది కాపాడుతుంది. మూడు నుంచి నాలుగు వెయ్యబోయి రెండులో వేస్తే మాత్రం ఇంజన్‌ని తిప్పేది పెట్రోలు కాదు, చక్రాలు. నిస్సాన్ 370జెడ్‌నే తీసుకోండి. దాని రెండో గేరు నిష్పత్తి 2.324, మూడోది 1.624, నాలుగోది 1.271. మూడులో 7000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర మార్చితే నాలుగులో 5500 దగ్గరికి దిగాలి. రెండు పడిందా, లెక్క ప్రకారం 10,000 దాటుతుంది. ఆ బండి రెడ్‌లైన్, అంటే ఇంజన్ దాటకూడని హద్దు, 7500. క్లచ్ జారో, వెనక టైర్లు ఈడ్చుకుపోయో కొంత తగ్గొచ్చు కానీ పూర్తిగా తప్పదు. గేరు దించేటప్పుడు రెవ్స్ కలిపిపెట్టే సదుపాయం ఆ కారులో ఉన్నా, తప్పు గేరు వేసే చేతిని అది ఆపలేదు.

7500 నుంచి 10,000కి వెళ్తే పిస్టన్‌ని క్రాంక్‌షాఫ్ట్‌కి కలిపే రాడ్ బోల్టుల మీద పడే లాగుడు దాదాపు 1.8 రెట్లవుతుంది, ఎందుకంటే అది వేగం వర్గంతో పెరుగుతుంది. అదే సమయంలో వాల్వ్‌ని మూసే స్ప్రింగ్, దాన్ని తెరిచే క్యామ్ వేగాన్ని అందుకోలేదు. మూసుకోవాల్సిన వాల్వ్ ఇంకా తెరిచే ఉంటుంది, పిస్టన్ పైకొచ్చి కొడుతుంది. బాగా వంగితే ఇంజన్ అప్పుడే మొరాయిస్తుంది. కొద్దిగా వంగినదే ప్రమాదం: బండి స్టార్టవుతుంది, నడుస్తుంది, అమ్ముడుపోతుంది కూడా.

ఇక తనిఖీల సంగతి. ఇంటికొచ్చే సర్వీసు రిపోర్టు చూడముచ్చటగా ఉంటుంది, ఫొటోలు బోలెడు. ఇంజన్ గురించి మాత్రం 'శబ్దం సాధారణం, పొగ లేదు, ఫాల్ట్ కోడ్లు లేవు' అని ఒక వరుస. బండి డయాగ్నోస్టిక్ పోర్టుకి తగిలించే మామూలు ఓబీడీ స్కానర్‌తో ఓవర్ రెవ్ (ఇంజన్ హద్దు దాటి తిరగడం) చరిత్ర కనిపించదు. ఈ పనికి ఆ రిపోర్టు చాలదు. రుషికొండలో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలబడి ప్లగ్‌లు విప్పమంటే వాళ్లూ ఒప్పుకోరు, అందులో వాళ్ల తప్పేం లేదు.

కంపెనీ వర్క్‌షాపు బలం సొంత స్కానర్. పోర్షే బండి అయితే, ఆ కంపెనీ వర్క్‌షాపు ఎక్కడ అందినా, దీనికి మించింది లేదు. పోర్షే సొంత స్కానర్ పీవిస్ టెస్టర్‌తో తీస్తే 911 మోడల్ 997 తరం బళ్లలో ఓవర్ రెవ్ ఆరు రేంజ్‌లుగా, ఒక్కో రేంజ్‌లో ఎన్ని ఇగ్నిషన్లు, చివరిది ఇంజన్ ఎన్ని గంటలు నడిచాక అన్నది వస్తుంది. అంకెలు చూసి హడలిపోకండి. ఆరు సిలిండర్ల ఇంజన్‌లో చుట్టుకి మూడు ఇగ్నిషన్లు, అంటే 8000 దగ్గర సెకనుకి 400. కింది రేంజ్‌లో 200 ఉంటే అది అర సెకను లిమిటర్‌ని తాకడమే. పై రేంజ్‌లలో ఉన్నవి గేరు తప్పితే తప్ప రావు; అక్కడ చిన్న అంకె కూడా పెద్దదే. రిపోర్టులో ఉన్న మొత్తం గంటలతో కిలోమీటర్లను భాగించి చూడండి. 40,000 కిలోమీటర్లకు 1000 గంటలంటే సగటు 40, నమ్మొచ్చు. గంటకు 130 వస్తే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) మార్చారేమోనని అడగాల్సిందే. లోటల్లా ఒకటే: చాలా వర్క్‌షాపుల్లో ప్రింటు చేతికిచ్చి పంపేస్తారు, ప్లగ్ విప్పరు. ఓవర్ రెవ్ లెక్కను ఇలా నమోదు చేయని కంపెనీల బళ్లకు ఆ ప్రింటులో ఏమీ ఉండదు.

అసలు పని ఆటోనగర్‌లో జరుగుతుంది, కాకపోతే దగ్గరుండి చేయించుకోవాలి. సిలిండర్‌లో పుట్టే ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ టెస్టుకి ఇంజన్ వేడిగా ఉండాలి, ప్లగ్‌లన్నీ తీసేయాలి, ఇంధనం, ఇగ్నిషన్ ఆపాలి, థ్రాటిల్ పూర్తిగా తెరవాలి, బ్యాటరీకి చార్జర్ తగిలించాలి. ఒక్క ప్లగ్ తీసి కొలిచి పెట్టేసి తర్వాతది తీసే షెడ్డుల్లో వచ్చే రీడింగ్‌కి విలువ లేదు. సిలిండర్ల మధ్య తేడా పది పదిహేను శాతం దాటితే, తక్కువ వచ్చినదాంట్లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. పెరిగితే పిస్టన్ రింగులు, పెరగకపోతే వాల్వ్ అనుకోవచ్చు.

లీక్‌డౌన్ టెస్టు ఇంకా నిక్కచ్చి. పిస్టన్ కంప్రెషన్ టీడీసీలో, అంటే వాల్వులు రెండూ మూసుకుని పిస్టన్ పూర్తిగా పైకొచ్చి ఉండగా, 100 పీఎస్ఐ గాలి ఎక్కిస్తారు. పది శాతం లోపు పోతే బాగున్నట్టే, ఇరవై దాటితే ఆగాలి. గాలి ఎటు పోతోందో చెవి పెట్టి వినాలి. సైలెన్సర్‌లో బుసబుసమంటే ఎగ్జాస్ట్ వాల్వ్, థ్రాటిల్ బాడీలో అయితే ఇన్‌టేక్ వాల్వ్, ఆయిల్ మూత దగ్గర అయితే రింగులు. మన సముద్రపు ఉక్కకి కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు చేరతాయి. ముందు కింది ట్యాప్ తిప్పి వదిలించమనండి, లేకపోతే గేజ్ చెప్పేది నమ్మలేం.

ప్లగ్ రంధ్రంలోంచి కెమెరా పెట్టినప్పుడు పిస్టన్ తల మీద నెలవంక ఆకారం కోసం చూడాలి. వాల్వ్ కోసం ఫ్యాక్టరీలోనే చెక్కిన గుంటలు కూడా అలాగే ఉంటాయి, కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. ఫ్యాక్టరీ గుంట నున్నగా, మసి పరుచుకుని ఉంటుంది. వాల్వ్ కొట్టిన దెబ్బ అంచు పదునుగా ఉంటుంది, కొత్తదైతే మసి లేచిపోయి లోహం మెరుస్తుంది. తల వంగని చౌక కెమెరాలో పిస్టన్ ఒక్కటే కనిపిస్తుంది. వాల్వ్ అంచు చూడాలంటే తల తిరిగేది ఉన్న షెడ్డుకే వెళ్లాలి. పాత ఆయిల్ ఫిల్టర్ కోయించి మడతలు విప్పి చూడటం మర్చిపోవద్దు. రాగి రంగు రేకులు బిగ్ ఎండ్ బేరింగ్‌వి (రాడ్డు క్రాంక్‌షాఫ్ట్‌ని పట్టే చోటది), వాటికి అయస్కాంతం అంటదు.

మూడు చోట్లా ఎవరూ అడక్కుండా చూడనిది గేరు రాడ్డు. నడుస్తూ యాక్సిలరేటర్ వదిలి తొక్కినప్పుడు రాడ్డు ముందుకీ వెనక్కీ ఊగితే ఇంజన్, గేర్‌బాక్స్ మౌంట్లు మెత్తబడ్డాయి. న్యూట్రల్‌లో పక్కకి నెట్టి వదిలితే మూడు నాలుగు గేర్ల వరుసలోకి తనంతట రావాలి, రాకపోతే సెంటరింగ్ స్ప్రింగ్ గానీ లింకేజ్ బుష్ గానీ పోయింది. బీచ్ రోడ్డులో ఆరుబయట ఉండే బళ్లలో కేబుల్ చివరలు తుప్పు పట్టి బిగుసుకోవడమూ ఉంది. కొలతలు సరిచేయకుండా, రాడ్డు కదలిక దూరాన్ని తగ్గించే షార్ట్ షిఫ్టర్ బిగించిన బండైతే ఇంకా జాగ్రత్త. అనంతగిరి ఘాట్ దిగుతూ ఐదు నుంచి నాలుగు వేసేటప్పుడు, ఎడమ అరచేత్తో రాడ్డుని అవతలికి తోస్తే పడేది రెండే. స్ప్రింగ్ బాగుంటే వేళ్లతో తిన్నగా వెనక్కి లాగితే చాలు.

దెబ్బ తేలాక హెడ్ దించి వంగిన వాల్వులే మార్చి బిల్లు వేసే చోట బండి వదలొద్దు. వాల్వ్ గైడ్లు కొలవాలి, రాడ్ బోల్టులు, బిగ్ ఎండ్ బేరింగులు కొత్తవి పడాలి. పోర్షేకి ముందు పీవిస్ ప్రింటు, ఆ తర్వాత ఆటోనగర్. మిగతా బళ్లకు నేరుగా ఆటోనగర్. పోర్షే 911 లాంటి, సిలిండర్లు పక్కలకు పడుకుని ఉండే ఫ్లాట్ సిక్స్ ఇంజన్‌లో ప్లగ్‌లు చక్రాల పక్కనుంచి తీయాలి, లేబర్ ఎక్కువవుతుంది, ఒక పూట పడుతుంది. ఆ లేబర్ కొనేవాళ్లే పెట్టుకుంటామన్నా అమ్మేవాళ్లు ప్లగ్ విప్పనివ్వకపోతే, బేరం అక్కడితో సరి.