కాజీపేట ఆల్కో పేరుతో ‘సౌండ్’ మోడల్ అమ్ముతున్నారు, పైసలు పంపే ముందు ఇది చదవండి

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు మోడల్ రైళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక అమ్మకం మళ్లీ మళ్లీ తిరుగుతున్నది. హెచ్‌ఓ స్కేల్ (అసలుకు 87వ వంతు) డబ్ల్యూడీఎం-2, అంటే ఆల్కో డీజిల్ ఇంజిన్ మోడల్, పక్కన కేజెడ్‌జె (కాజీపేట) షెడ్ అక్షరాలు, ‘ఫుల్ డీసీసీ సౌండ్, వాడింది తక్కువ’ అని రాత. డీసీసీ అంటే పట్టాల మీదుగా ఇంజిన్‌కు ఆజ్ఞలు పంపే డిజిటల్ పద్ధతి, వాటిని అందుకునే లోపలి చిన్న బోర్డే డీకోడర్. వీడియోలో చప్పుడు బ్రహ్మాండంగా ఉంటది. కొన్నవాళ్లు పెట్టె తెరిచి, బాడీ ఊడదీసి చూస్తే ఒకదాంట్ల స్పీకర్ గూడు ఖాళీ. ఇంకోదాంట్ల స్పీకరైతే ఉన్నది గానీ డీకోడర్ ఆంప్లిఫయర్ కాలిపోయి ఉన్నది. వీడియోలో వినిపించిన చప్పుడు తర్వాత అతికించింది.

అన్నలూ, ముందు మాటల అర్థం పట్టించుకోండి. ‘డీసీసీ రెడీ’ అంటే లోపల సాకెట్ మాత్రమే ఉన్నదని అర్థం. అది 8 పిన్‌లదో, 21 పిన్‌లదో, ప్లక్స్22నో, నెక్స్ట్18నో కావచ్చు. డీకోడర్ ఉండదు, సౌండ్ అసలే ఉండదు. ‘డీసీసీ ఫిటెడ్’ అంటే మోటారు, లైట్లు నడిపే డీకోడర్ ఉన్నట్టు. సౌండ్ ఉన్నదని ప్రత్యేకంగా రాస్తేనే సౌండ్. ఈ మూడింటి ధరల్లో చాలా తేడా ఉంటది, మోసం జరిగేది సరిగ్గా ఆ తేడాలోనే.

అమ్మేటాయనను సీవీ 8 (డీకోడర్‌లోని ఎనిమిదో సెట్టింగు) కంట్రోలర్‌తో చదివి చూపించమని అడగండి. డీకోడర్ తయారు చేసిన కంపెనీ నంబరు అందులో ఉంటది: ఈఎస్‌యూ 151, సౌండ్‌ట్రాక్స్ 141, జిమో 145, డిజిట్రాక్స్ 129, టీసీఎస్ 153. ‘లోక్‌సౌండ్ (ఈఎస్‌యూ సౌండ్ డీకోడర్) ఉన్నది’ అని చెప్పి 129 వచ్చిందంటే మాటలు అక్కడితో ఆపేయండి. అయితే 151 వచ్చినంత మాత్రాన నమ్మొద్దు. ఈఎస్‌యూ వాళ్ల సౌండ్ లేని లోక్‌పైలట్ కూడా 151 అనే చెప్తది. అందుకే బాడీ తీసిన ఫొటో కావాలి: డీకోడర్ మీది లేబులు, స్పీకర్, దాని రెండు తీగలు ఒకే ఫొటోలో కనబడాలి. ఇంకో మాట, సీవీ చదవలేకపోతే వెంటనే దొంగ అని ముద్ర వేయకండి. కొన్ని సౌండ్ డీకోడర్లు పెద్ద కెపాసిటర్ల వల్ల పాత కంట్రోలర్లకు సరిగ్గా జవాబు ఇయ్యవు. మోటారు తీగ ఊడినా జవాబు రాదు, ఎందుకంటే డీకోడర్ మోటారుకు చిన్న కరెంటు దెబ్బ ఇచ్చే ‘ఔను’ అని చెప్తది.

వీడియో మధ్యలో కట్ లేకుండా ఉండాలి. కంట్రోలర్, ఇంజిన్ రెండూ ఒకే ఫ్రేములో పెట్టి హారన్ నొక్కమనండి, మ్యూట్ చేసి మళ్లీ తెరవమనండి. చెవి కూడా పెట్టండి. డబ్ల్యూడీఎం-2 లోపల ఉండేది 16 సిలిండర్ల ఆల్కో 251, నాలుగు స్ట్రోకులది. డబ్ల్యూడీజీ-4లో ఉండేది ఈఎండీ 710, రెండు స్ట్రోకులది. ఆల్కో ఆగి నిలబడ్డప్పుడు దడ్ దడ్‌మని కుంటుతూ కొట్టుకుంటది, ఈఎండీ ఒకే తీరుగా గుయ్యిమంటది. కాజీపేట షెడ్ పక్క నుంచి నడిచిన చెవికి ఇది చెప్పే పనే లేదు. కంట్రోలర్ మీద ఎఫ్1 బటన్ నొక్కితే గంట మోగిందా? మన డీజిళ్లకు ఆ గంట లేదు, అది అమెరికా ఇంజిన్ల సౌండ్ ఫైలు. దాంతో ఇంజిన్ చెడిపోయిందని కాదు, ‘అసలు ఆల్కో రికార్డింగ్’ అన్న మాట అబద్ధమని తెలిసిపోయింది.

వైరింగు దగ్గరే అసలు నష్టం. పాత డీసీ (డీకోడర్ లేని) ఛాసిస్‌లో మోటారు బ్రష్ (మోటారుకు కరెంటు అందించే ముక్క) ఒకటి లోహపు ఫ్రేముకు తగిలి ఉంటది, ఫ్రేము పట్టాల కరెంటు మోస్తది. దాన్ని విడదీయకుండా డీకోడర్ పెడితే పట్టాల కరెంటు నేరుగా మోటారు ఔట్‌పుట్‌లోకి ఎక్కి డీకోడర్ క్షణంలో పోతది. కాబట్టి ఇంజిన్ చేతికి రాగానే పట్టాల మీద పెట్టకండి. డీకోడర్ ఊడదీసి, మల్టీమీటర్‌ను కంటిన్యూయిటీలో పెట్టి, ఒక పిన్ను చక్రానికి, ఇంకోటి బ్రష్‌కు తగిలించండి. రెండు బ్రష్‌లు, రెండు వైపుల చక్రాలు, నాలుగు కలయికల్లో ఎక్కడ బీప్ వచ్చినా ఆగిపోండి. తీగల రంగులు కూడా సరిచూడండి: ఎరుపు, నలుపు పట్టాలకు, నారింజ, బూడిద మోటారుకు, తెలుపు ముందు లైటు, పసుపు వెనక లైటు, నీలం ఉమ్మడి ప్లస్. మామూలు ఎల్‌ఈడీ ఉంటే 1 కిలోఓమ్ రెసిస్టర్ ఉండాలి, లేకుంటే లైటు ఒక మెరుపు మెరిసి పోతది.

ఆ ఆంప్లిఫయర్ ఎందుకు కాలింది? పాత లోక్‌సౌండ్ 3.5కు 100 ఓమ్‌ల స్పీకర్ కావాలి. చేతికి దొరికిన 8 ఓమ్‌ల చిన్న స్పీకర్ తగిలిస్తే కరెంటు ఎక్కువ గుంజి కాలుతది. లోక్‌సౌండ్ 5 అయితే 4 నుంచి 32 ఓమ్‌ల దాకా పర్వాలేదు. అందుకే ఏ తరం డీకోడర్ అని తప్పకుండా అడగండి.

పరీక్షలు పాసైతే మొదట ప్రోగ్రామింగ్ ట్రాక్ (సెట్టింగులు రాసే పట్టా) మీదనే పెట్టండి. అక్కడ కరెంటు 250 మిల్లీఆంపులకు కట్టేసి ఉంటది, తప్పు వైరింగున్నా డీకోడర్ బతికే అవకాశం ఉన్నది. కంపెనీ నుంచి వచ్చే అడ్రసు 3కు పలకకపోతే సీవీ 8లో 8 రాసి రీసెట్ చేయండి, ఈఎస్‌యూకు, చాలా సౌండ్‌ట్రాక్స్ డీకోడర్లకు ఇది పనిచేస్తది. కంట్రోలర్ అడాప్టర్ లేబులు కూడా చూడండి. 100–240 వోల్టులు అని లేకుండా 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టొద్దు.

నడిపినప్పుడు చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ఒకసారి ‘టిక్’మంటే యాక్సిల్ మీది ప్లాస్టిక్ గేరు పగిలింది. ‘నూనె వేస్తే పోతది’ అంటరు, పోదు, గేరు మార్చాల్సిందే. పాత సరుకులో ఇది మామూలే, ధర తగ్గించి అడగండి.

పార్సిల్ విప్పేటప్పుడు ముద్ర దగ్గర నుంచి సీవీ 8 చదివేదాకా ఒకటే వీడియో తీయండి. పైసలు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. దుకాణం నుంచి కొన్నదైతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు, అమ్మినాయన ఊరికి తిరగాల్సిన పని లేదు.